ముందు ఎగిరే పిట్ట

కొత్తగా ఉద్యోగంలో చేరిన లెక్చరర్లు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేసి, "మేడం, రీసెర్చి ఎట్ల మొదలుపెట్టాల?" అని అడుగుతుంటారు. ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి నాకు తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం. నా సర్వీసు మొత్తంలో నేను చేసిన పరిశోధన ఒక్కటే. అది ఎట్ల జరిగిందో చెప్తాను. విన్నాక రీసెర్చి ఎట్ల చేయాలో తెలియకపోవచ్చు. ఎట్ల చేయకూడదో మాత్రం బాగా తెలుస్తుంది.

అప్పుడు నేను పడమటి కర్నూలులో ఒక చిన్న ఊరి డిగ్రీ కాలేజీలో ఉన్నాను. చుట్టూ నల్లరేగడి చేలు, కాలేజీకి ముందు పొడుగాటి వరండా, వరండా చివర నా లాబ్. లాబ్‌లో రెండు మైక్రోస్కోపులు, ఫార్మలిన్ సీసాలో ఒక కప్ప. ఆ కప్ప నాకంటే సీనియరు.

ఆ ఏడు మార్చి మొదట్లో ప్రిన్సిపాల్ నన్ను పిలిచినాడు. కడప నుంచి బదిలీ మీద వచ్చిన కామర్స్ మనిషి. చెడ్డవాడు కాదు, ఎవరి మీదా గొంతు లేపడు. కాకపోతే లోకంలో ఏది జరిగినా ఫైల్లో పెట్టడానికే జరుగుతుందని ఆయన అభిప్రాయం. మొక్కలు నాటే రోజున ఒకే గుంతలో ఒకే వేపమొక్కను ఐదు డిపార్టుమెంట్ల చేత నాటించి ఐదు ఫోటోలు తీయించిన ఘనుడు. ఐదోసారికి మొక్క తలకాయ వేలాడేసింది. ఫోటోలు మాత్రం పచ్చగా వచ్చినాయి.

"ఏప్రిల్ చివర్లో గ్రేడు ఇచ్చే కమిటీ వస్తాండాది మేడం. రీసెర్చి కాలమ్ ఖాళీగా ఉండాది. మీరేదైనా చేయండి" అన్నాడు.

"ఏం చేయమంటారు సార్?"

"మీవి జంతువులు కదా. ఏదో ఒక జంతువు. మన కాంపౌండులో ఉండేదైతే మేలు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు."

మా కాంపౌండులో ఉండే జంతువులు మూడు రకాలు. కుక్కలు, తొండలు, మేము. ఏం చేయాలో తోచక లాబ్ ముందుకొచ్చి నిలబడితే, తల మీద నుంచి ఒక పిట్ట సర్రున దూసుకుపోయింది. వానకోయిల. వీపు నల్లగా నిగనిగలాడుతూ, నడుం మీద ఇటుకరంగు పట్టీ, తోక రెండు పాయలు. దాని వెనకాలే ఇంకొకటి. రెండూ వరండా కప్పు దగ్గర ఒక చుట్టు తిరిగి బయటికి పోయినాయి. కప్పు మూలలో అప్పటికే నాలుగైదు మట్టి ఉండలు అతికించి ఉన్నాయి. గూడు మొదలైందన్నమాట. నా రీసెర్చి కూడా.

మర్నాటి నుంచి వరండాలో కుర్చీ వేసుకుని, నోటుబుక్కు పట్టుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే మొదటి వారం నాకు ఒళ్ళు తెలీలేదు. అన్నేళ్ళు చచ్చిన వాటిని సీసాల్లో చూపించినదాన్ని, బతికున్నదాన్ని కూర్చుని చూడడం అదే మొదలు. పొద్దున పూట రెండూ కరెంటు తీగ మీద జానెడు దూరంలో కూర్చునేవి. ఒకటి గొంతు ఉబ్బించి, రెక్కలు కొంచెం జార్చి, సన్నగా గిలకరించేది. రెండోది వినీ విననట్టు ఈకలు దువ్వుకునేది. ఉన్నట్టుండి లేచేది. అది లేస్తే ఇదీ లేచేది. ముందుది ఎడమకు వంగితే వెనకది ఎడమకు, నేలకు మూరెడు ఎత్తులో పోతే ఇదీ మూరెడు ఎత్తులోనే. వాటి మధ్య దూరం ఎప్పుడూ పెరిగేది కాదు.

రెండింటినీ గుర్తుపట్టడం సులువు. ఒకదానికి తోకలో ఎడమ పాయ విరిగిపోయి ఉంది. విరిగిన తోకది ఎప్పుడూ ముందు, నిండు తోకది ఎప్పుడూ వెనక. ముందు పోయేది మగది, వెనక పోయేది ఆడది అని రాసుకున్నాను. ఎందుకు అని నన్ను నేను అడగలేదు. ఎవరైనా అడిగుంటే, ముందు మగవాడు కాక ఇంకెవరు పోతారు అని ఉందును. పెండ్లైనప్పటి నుంచి మా ఆయన వెనకాల నడిచిన బుర్ర అది.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. ఒక పేజీలో ఇట్ల ఉంది: "నాయకుడు దారి చూపుచుండగా అనురాగవతియైన సహచరి క్షణమైనను అతనిని విడువక అనుసరించుచున్నది." జంతుశాస్త్రం ఎంఎస్సీ చేసినదాన్ని నేనే, రాసిందీ నేనే. పదకొండు పేజీలు ఇదే వరస.

మా కాలేజీలో ఊడ్చే పనికి ఒకామె వచ్చేది. కోసిగి మండలంలో ఒక పల్లె ఆమెది. నలభై దాకా ఉంటాయి. కాంట్రాక్టరు పెట్టిన మనిషి. మొగుడు ఏటా మిరపకాయల కోతకు గుంటూరు పక్కకు పోతాడు. ఆ ఏడు కాలేజీలో పని దొరికిందని ఈమె ఆగిపోయింది. పొద్దున ఆరున్నరకే వచ్చి వరండా ఊడ్చేది. గూటి కింద రాలిన మట్టీ రెట్టా తుడిచేదీ ఆమే.

ఒకరోజు పొరక చంకలో పెట్టుకుని నా కుర్చీ పక్కన నిలబడింది.

"దినామూ ఏం రాస్తాండారు మేడం?"

పాఠం చెప్పే అలవాటు కదా, మొదలుపెట్టినాను. ఇదిగో ముందు పోయేది మగపిట్ట, వెనక పోయేది ఆడపిట్ట, అది దాన్ని ప్రేమతో వెంబడిస్తుంది, దీన్ని ప్రణయ విహారం అంటారు.

ఆమె పైకి చూసింది, నన్ను చూసింది. "తోక ఇరిగిందా మొగోడు?"

"అవును."

"మట్టి మోస్తాండేది అదే కదా మేడం."

"అయితే?"

"అయితే ఏముంది, అది ఆడది. మీరు తొమ్మిదికి వస్తారు, నేను ఆరున్నర నుంచి చూస్తాండా. పది ముద్దలు మట్టి తెస్తే తొమ్మిది అదే తెస్తాది. తెచ్చి గూట్లో కూసోని రొమ్ముతో అదుముతాది. వాడు ఎప్పుడో ఒక ముద్ద తెచ్చి, అంతా వాడే కట్టినట్ల తీగ మీద కూసోని అరుస్తాడు."

నాకు కొంచెం కోపం వచ్చింది. "సరే, వాడే మగవాడు అనుకుందాం. మరి వాడు ఆమె వెనకాలే ఎందుకు తిరుగుతున్నాడు? ప్రేమే కదా?"

ఆమె పొరక కింద పెట్టి నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

"ప్రేమ యాడిది మేడం! కాపలా. ఇంకోడు యాడొస్తాడోనని. నిన్న మూడో పిట్ట వచ్చె కదా, చూస్తిరా? మట్టి మోసేకి లేని బలం తన్నేకి ఎట్లొచ్చిందో వానికి!"

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. వీడియో కాల్. మొగుడు మిరపచేలో నుంచి. ఆమె మాట్లాడకుండా ఫోన్ పైకెత్తి వరండా అంతా ఒక చుట్టు తిప్పింది. నన్ను చూపించింది, లాబ్ తలుపు చూపించింది. "చూసినావు కదా, కాలేజీలోనే ఉండా" అని పెట్టేసింది.

"దినానికి నాలుగు సార్లు చేస్తాడు మేడం. తిన్యావా అని కాదు. యాడుండావు అని" అంటూ పొరక తీసుకుని పోయింది.

ఆమె చెప్పింది మా పుస్తకంలో ఉంది. గుడ్లు పెట్టే ముందు రోజుల్లో మగపక్షి ఆడపక్షి వెంట పడి తిరగడం ప్రేమ కాదు, వేరే మగపక్షి కలవకుండా కాయడం. దానికి ఒక పేరు ఉంది, ఐదు మార్కుల ప్రశ్న ఉంది. ఇరవై ఏళ్ళకు పైగా నేనే బోర్డు మీద రాసి, నేనే పేపర్లు దిద్ది, నేనే మార్కులు వేసినాను. కళ్ళముందు జరుగుతుంటే గుర్తుపట్టలేదు. పదకొండు పేజీలూ అడ్డంగా కొట్టేసి, ఆమె చెప్పినట్టు మళ్ళీ మొదలుపెట్టినాను.

మార్చి నెల సగం గడిచేసరికి ఇంకో గండం వచ్చింది. పిట్టలు మట్టి తెచ్చేది మా కాలేజీ నీళ్ళ ట్యాంకు కింద నుంచి. పైపు ఎన్నో ఏళ్ళుగా కారుతా ఉంది, చుట్టూ అడుసు ఉండేది. కమిటీ వస్తుందని ప్రిన్సిపాల్ ప్లంబర్ని పిలిపించి దాన్ని బాగు చేయించినాడు. ఆయన సర్వీసులో నిజంగా జరిగిన పని అదొక్కటే అనుకుంటాను. మూడు రోజులకు ఆ నేల పగుళ్ళు బారింది. ఊరి చుట్టుపక్కల ఇంక తడి లేదు. గూడు సగంలో ఆగింది. సొరకాయ బుర్రను నిలువునా కోసి కప్పుకు అతికించినట్టు ఉంటుంది ఈ పిట్టల గూడు. బుర్ర అయింది, మెడ కాలేదు. పిట్టలు తీగ మీద కూర్చుని ఎండకు నోర్లు తెరుచుకుని ఉన్నాయి.

రెండు రోజుల తర్వాత చూస్తే మళ్ళీ మట్టి మోస్తున్నాయి. నేను సంతోషం పట్టలేక రాసుకున్నాను: "పక్షులు ప్రత్యామ్నాయ వనరును స్వయంగా కనుగొన్నవి. అద్భుతమైన అనుకూలనము." ఆ అద్భుతాన్ని చూద్దామని పిట్టల వెంట లాబ్ వెనక్కి పోతే, ఊడ్చే ఆమె బక్కెట్టెడు నీళ్ళు మట్టిలో పోసి కాలితో తొక్కుతా ఉంది. వరండా తుడిచిన నీళ్ళు.

"పారబోసే నీళ్ళే కదా మేడం, యాడ పోస్తే ఏం" అంది.

ఆ వాక్యం కూడా కొట్టేసినాను. అప్పటికి నా నోటుబుక్కులో కొట్టివేతలే ఎక్కువ.

ఏప్రిల్ నెల సగమయ్యేసరికి గుడ్లు పిల్లలైనాయి. గూటి మెడ చివర పసుపు నోర్లు మూడు కనబడేవి. నెలాఖరు దగ్గర పడింది, కమిటీకి ఇంక నాలుగు రోజులు. రంగులు వేసేవాళ్ళు వచ్చినారు. ప్రిన్సిపాల్ వరండాలో నిలబడి గూటిని చూసి, "అది పీకించండి మేడం. కమిటీవాళ్ళ నెత్తిన రెట్ట పడితే గ్రేడు గూడా పడుతుంది" అన్నాడు.

"సార్, అదే కదా నా రీసెర్చి."

"ఫోటోలు తీసినారు కదా?"

"తీసినాను."

"ఇంకేం. డాక్యుమెంటేషన్ అయిపోయింది. మళ్ళా పిట్టలెందుకు?"

నిజాయితీగా అడిగినాడు. ఆయనకు నిజంగా తెలియదు.

గట్టిగా వద్దని అనుంటే ఆయన ఏం చేసేవాడో నాకు తెలీదు, ఎందుకంటే నేను అనలేదు. నాకున్న తెలివి చూపించినాను. "పీకొద్దు సార్. రీసెర్చి ఫ్లెక్సు ఎట్లాగూ కట్టాల కదా, అది గూటికి అడ్డంగా కడితే కనబడదు" అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. పిట్టల్ని కాపాడినానని నేనూ మురిసిపోయినాను.

ఫ్లెక్సు వచ్చింది. పన్నెండడుగులది. నేనిచ్చిన ఫోటోలు మసకగా ఉన్నాయని, షాపువాళ్ళు ఇంటర్నెట్ నుంచి మంచి బొమ్మ దించుకున్నారు. గొంతు ఎర్రగా ఉన్న ఏదో చలిదేశపు పిట్ట, వెనకాల మంచుకొండ. పక్కన ప్రిన్సిపాల్ బొమ్మ, నమస్కారం పెడుతూ. పిట్ట కంటే ఆయన పెద్దగా ఉన్నాడు.

కమిటీ వచ్చే రోజు పొద్దున కట్టినారు దాన్ని. పైన ఒక జానెడు సందు విడవమని చెప్పినాను. కట్టేవాళ్ళు ముడతలు రాకూడదని కప్పుకు ఆనించి బిగించి కట్టి పోయినారు. నేను చూడలేదు. పూలబొకేలు లెక్కపెట్టే పని నాకు వేసినారు.

పదిన్నరకు కమిటీ వచ్చింది. ముగ్గురు. చైర్మన్ తెల్లటి పెద్దాయన, ప్రతిదానికీ తల ఊపే రకం. వరండా చివరికి తెచ్చి, "ఇది మా పరిశోధనా విభాగం సార్" అని ప్రిన్సిపాల్ మొదలుపెట్టినాడు. అప్పుడు చూసినాను. తోక విరిగిన పిట్ట నోటినిండా పురుగులతో వచ్చి, ఫ్లెక్సు ముందు రెక్కలు కొట్టుకుని, సందు దొరక్క వెనక్కి పోయింది. మళ్ళీ వచ్చింది. నిండు తోకది కూడా వచ్చింది. ఫ్లెక్సు వెనక నుంచి పిల్లల అరుపు వినిపిస్తా ఉంది. ఆ ఎండకు ప్లాస్టిక్కు వెనక ఎంత ఉడుకుతుందో నాకు తెలుసు. ఎన్ని గంటలు మేత లేకపోతే పిల్లలు చస్తాయో కూడా నాకే తెలుసు. అక్కడున్న వాళ్ళలో అది పుస్తకంలో చదువుకున్నది నేనొక్కదాన్నే.

చైర్మన్ ప్రకృతితో సహజీవనం గురించి మాట్లాడుతున్నాడు. పావుగంటయింది, ఇరవై నిమిషాలయింది. పిట్టలు ఆయన తల మీద తిరుగుతూనే ఉన్నాయి. అరుపు సన్నగైంది. నేను చేతిలో ఫైలు పట్టుకుని నిలబడే ఉన్నాను. పక్కన స్తంభం దగ్గర ఊడ్చే ఆమె మంచినీళ్ళ గ్లాసుల పళ్ళెం పట్టుకుని ఉంది. ఆమె కళ్ళు కూడా పైనే ఉన్నాయి.

నేను ఆమె పక్కకు జరిగి, పెదవులు కదలకుండా, "ఏదో ఒకటి చేయమ్మా" అన్నాను.

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసింది. పళ్ళెం కింద పెట్టింది. మూలన ఉన్న బూజుకర్ర తీసుకుని, పోయి, ఫ్లెక్సు తాడును మేకు నుంచి ఒక్క తోపు తోసింది. పన్నెండడుగుల ఫ్లెక్సు ఒక పక్కన ఊడి, ప్రిన్సిపాల్ బొమ్మతో సహా చైర్మన్ భుజం మీద పడింది. పిట్ట ఆయన చెవి పక్క నుంచి దూసుకుపోయి గూటి మెడకు వేలాడింది. మూడు నోర్లు తెరుచుకున్నాయి.

చైర్మన్ ఫ్లెక్సు పక్కకు తోసి, భుజం దులుపుకుని చప్పట్లు కొట్టినాడు. "అద్భుతం! ప్రత్యక్ష ప్రదర్శన! ఎవరిదీ ఆలోచన?"

తెల్లబోయిన ప్రిన్సిపాల్ ఒక్క క్షణంలో తేరుకున్నాడు. "సస్పెన్సుగా ఉంచుదామని నేనే ప్లాన్ చేసినాను సార్" అన్నాడు.

మంచి గ్రేడు వచ్చింది. రిపోర్టులో మా వరండాకు ప్రత్యేకంగా ఒక పేరా ఉంది.

కమిటీ పోయిన మర్నాడు ప్రిన్సిపాల్ నన్ను పిలిచినాడు. "అదృష్టం బాగుండి గట్టెక్కినాం గానీ, పెద్దమనిషి మీద ఫ్లెక్సు పడేసింది మేడం ఆమె. ఆమెకు అట్ల చేయమని ఎవరు చెప్పినారు?"

నాకు ఇంక రెండేళ్ళ సర్వీసు ఉంది. పెన్షన్ కాగితాల మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.

"నాకు తెలీదు సార్" అన్నాను.

సాయంత్రానికి కాంట్రాక్టరు ఆమెను తీసేసినాడు. ఆమె నా దగ్గరికి రాలేదు. కొంగులో టిఫిన్ డబ్బా కట్టుకుని గేటు దాటి పోతుంటే లాబ్ కిటికీలో నుంచి చూసినాను. నేనూ బయటికి పోలేదు. ఆ వారంలోనే పిట్టపిల్లలు ఎగిరిపోయినాయి. అది చూసి రాసుకున్నాను. ఈసారి కొట్టివేతలు లేవు, తప్పు చెప్పేవాళ్ళు లేరు కదా.

మరుసటేడు నా వ్యాసం ఒక పత్రికలో అచ్చయింది. ఆడపిట్ట ముందు పోవడం, మగపిట్ట కాపలా కాయడం, మట్టి ఎవరు ఎంత మోసినారు, అన్నీ ఉన్నాయి. మొదటి రచయిత నేను. రెండో రచయిత ప్రిన్సిపాల్. ఆయన ఆ పిట్టను చూసింది ఒక్కసారే, అదీ నెత్తిన ఏమైనా వేస్తుందేమోనని. చివర కృతజ్ఞతల్లో యాజమాన్యానికి, కమిటీకి, ఫోటోలు ప్రింటు వేసిన షాపుకు కూడా వందనాలు చెప్పినాను. ఊడ్చే ఆమె పేరు రాస్తే ప్రిన్సిపాల్ కొట్టేస్తాడని నాకు నేనే చెప్పుకుని రాయలేదు. ఆయన్ను అడిగి చూడలేదు.

రిటైరైన నెలకు, ఆ పత్రిక ఒక కాపీ సంచిలో పెట్టుకుని ఆమె పల్లెకు పోయినాను. ఎందుకు పోయినానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మన్నించమని అడగడానికే అనుకున్నాను. ఆమె ఇంటి ముందు వేరుశనక్కాయలు ఒలుస్తా ఉంది. నన్ను చూసి ఏ కోపమూ లేకుండా లేచి, మంచం వాల్చి, టీ పెట్టిచ్చింది. పత్రిక చేతికిస్తే చీరకు చేతులు తుడుచుకుని తీసుకుంది. మన పిట్టల గురించే అని చెప్పినాను. నువ్వు చెప్పిందే రాసినాను అన్నాను.

ఆమెకు చదువు రాదు. పేజీ అటూ ఇటూ తిప్పి, ముఖం విప్పారి, "నా పేరు యాడుండాది మేడం? సూపీండి" అంది.

అప్పుడు నేను చేసిన పని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా వేలు తీసుకుపోయి నా పేరు మీద పెట్టినాను. "ఈడ" అన్నాను.

ఆమె ఆ అక్షరాలను వేలితో ఒకసారి తడిమింది. "శానా పొడుగుండాదే నా పేరు" అంది నవ్వుతూ. "మా పాప తొమ్మిది సదువుతాంది. ఇంగ్లీషు బాగొస్తాది. బడి నుంచి రానీ, అంతా సదివించుకుంటా."

నేను టీ సగంలో వదిలి, బస్సుకు టైమైందని లేచినాను. బస్సు రావడానికి ఇంకా గంట ఉంది. ఆ గంట రోడ్డు మీద ఎండలో నిలబడినాను, ఆమె ఇంటి పక్కకు వీపు పెట్టి.

సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. "మేడం, పాప సదివింది" అంది. నేను అప్పటికి ఇంట్లో కూర్చుని ఎన్నో మాటలు కూడబలుక్కుని ఉన్నాను. అవన్నీ వదిలి, "తప్పయిపోయింది" అన్నాను. "ఫ్లెక్సు పీకమన్నది కూడా నేనే అని సార్‌కు చెప్పలేదు. ఆ తప్పు కూడా నాదే."

"అది నాకు తెలుసు మేడం" అంది మామూలుగా.

అది జరిగి రెండేళ్ళయింది. మొన్న ఈ జ్ఞాపకం రాయాలనుకున్నప్పుడు ఆమెకు ఫోన్ చేసి, ఈసారి నీ పేరు ముందే, పెద్దక్షరాలతో రాస్తాను అన్నాను. ఎంతో పెద్ద మనసుతో అడిగినాను, ఆమె పొంగిపోతుందనుకున్నాను.

"వద్దు మేడం" అంది. "ఈ మధ్యనే కాలేజీ హాస్టల్లో మళ్ళా పని ఇచ్చినారు. మీరు పేరు రాస్తే, ఆ పొద్దు చైర్మన్ మీద ఫ్లెక్సు పడేసింది ఈమేనా అంటారు. మళ్ళా గుంటూరు పోవాల్సొస్తాది. రాయాల్సినప్పుడు రాయకపోతిరి. ఇప్పుడు మీ పేరే ఉండనీండి. మీరు రిటైరైనారు కదా, మిమ్మల్ని యాడ నుంచి పీకుతారు?"